నీటి బరువు

"నేను రాను. ఆవిడ వస్తానంటే ఆవిడ్నే తీసుకెళ్ళండి."

గదిలోంచి కోడలి గొంతు. వంటింట్లో ఉన్న కొట్టమ్మకి స్పష్టంగా వినపడింది. వినపడాలనే అన్న మాట అది.

"మెల్లిగా. అమ్మ వింటుంది," అన్నాడు కొడుకు.

"విననీండి. నా చెవిన పడ్డదానికంటే ఇదేం పెద్దమాట కాదు."

కొట్టమ్మ స్టవ్ దగ్గర నిలబడి పాలవైపు చూస్తోంది. పొంగకముందే ఆపేసింది. నిన్నటినుంచి ఈ ఇంట్లో పొంగడానికి పాలే అక్కర్లేదు.

కొడుకు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లిఫ్టు మెకానిక్కు. ఎన్నో అంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి లాగిన మనిషి. తల్లికీ పెళ్ళానికీ మధ్య ఇరుక్కున్న తనని లాగేవాడు మాత్రం దొరకట్లేదు.

"అమ్మా, ఇవాళ నువ్వు ఆస్పత్రికి రాకపోతేనేం?"

"ఏం, నా మనవరాల్ని చూడ్డానికి నేను చీటీ తీసుకోవాలా?"

"అది కాదమ్మా..."

"నువ్వు నీ పెళ్ళాన్ని తీసుకెళ్ళరా. నాకు కాళ్ళున్నాయి. బస్సులున్నాయి."

కొడుకు ఏదో అనబోయి, మానేసి, కారు తాళాలు తీసుకున్నాడు. కోడలు పాలసీసాలు పెట్టిన ఐసు డబ్బా గుండెకి అదుముకుని, అత్తగారి ముందునుంచే, గోడని దాటినట్టు దాటి వెళ్ళిపోయింది.

ఆ వీధిలో ఆవిడ్ని అందరూ కొట్టమ్మ అనే పిలుస్తారు. నలభై ఏళ్ళు సరుకుల కొట్టు నడిపింది కాబట్టి ఆ పేరు. నోటితో కొడుతుంది కాబట్టి ఆ పేరని గిట్టనివాళ్ళు అంటారు. నిన్న ఉదయం అన్న మాట తలుచుకుంటే గిట్టనివాళ్ళదే నిజమనిపించింది ఆవిడకి. కానీ అనిపించడం వేరు, ఒప్పుకోవడం వేరు.

జరిగిందేమిటంటే, రెండు నెలలు ముందే పుట్టిన పిల్ల తూకం వారంరోజులుగా ఎక్కుతూ వచ్చింది. ఇంటికి పంపే మాట ఎత్తాలంటే ఇంతుండాలని డాక్టరు చెప్పిన గీత దాటింది. కొట్టమ్మ వీధి వీధంతా చాటింది. ఊయల తుడిచింది, కిటికీలకి తెరలు కుట్టించింది. నిన్న పొద్దున్న ఆస్పత్రినుంచి ఫోను: తూకం పడిపోయింది. కొంచెం కాదు, నూటపాతిక గ్రాములు.

కొడుకు ఆ మాట చెప్పగానే, కోడలు పాలు పిండుకునే మిషను పట్టుకుని కూర్చుని ఉండగానే, కొట్టమ్మ నోరు జారింది.

"నీ పాలల్లో నీళ్ళు తప్ప ఏముందే అమ్మాయ్? పిల్లకి ఒంటపట్టట్లేదు."

కోడలు మిషను కింద పెట్టి లేచింది. ఏడవలేదు, తిరిగి మాటనలేదు. అప్పట్నుంచి ఆవిడతో మాట లేదు.

తిట్టినా బావుండేది. బేరమాడేవాళ్ళతో ఎలా మాట్లాడాలో కొట్టమ్మకి తెలుసు. పలకని మనిషితో ఎలా వేగాలో తెలీదు.

రాత్రి నిద్రపట్టక పడుకుని ఒకటే ఆలోచించింది. పిల్ల తాగుతోంది. ఎక్కుతోంది. ఒక్కరోజులో నూటపాతిక గ్రాములు ఎక్కడికి పోతాయి? ఆవిడ కొట్టులో నూటపాతిక గ్రాములు తేడా వస్తే కారణం ఉండేది. ఎలుకైనా తినాలి, చెయ్యయినా తప్పాలి, తక్కెడయినా తప్పాలి. ఎలుక లేదు. పోతే తక్కెడే అయ్యుండాలి.

అందుకే కొడుకు కారు వీధి మలుపు తిరగ్గానే ఆవిడ మంచం కింది ట్రంకుపెట్టె లాగింది. కొట్టు మూసిన రోజున దాచుకున్న అరకిలో ఇనప తూకంరాయి తీసి, తువ్వాలులో చుట్టి, చేతిసంచిలో వేసుకుని బస్సెక్కింది.

*

పసిపిల్లల వార్డు గుమ్మంలోనే చేతులు మోచేతుల దాకా కడిగించారు. పైన ఒక గౌను తొడిగించారు. సంచి బయట పెట్టమన్నారు.

"సంచిలో పని ఉందమ్మా," అంది కొట్టమ్మ.

"ఏం పని?"

ఆ అడిగింది పెద్ద సిస్టరు. పొడుగ్గా, నిదానంగా ఉండే మనిషి. మనవరాలు పుట్టినప్పుడు అరచేతిలో పట్టుకుని "గుప్పెడు" అని పేరు పెట్టింది ఈవిడే. ఆ పేరే స్థిరపడిపోయింది. కోడలు కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. సిస్టరు అద్దాలు ముక్కుమీంచి జారిపోతుంటే ఒకరోజు కూర్చోబెట్టి సరిచేసి ఇచ్చింది. అప్పట్నుంచి వాళ్ళిద్దరూ ఒక జట్టు.

కొట్టమ్మ తువ్వాలు విప్పింది.

సిస్టరు రాయివైపు చూసింది, ఆవిడవైపు చూసింది.

"ఇది దేనికి నానమ్మగారూ?"

"మీ తక్కెడ చూద్దామని."

అరుస్తుందనుకుంది. బయటికి పొమ్మంటుందనుకుంది. దానికి జవాబు కూడా బస్సులోనే తయారుచేసుకుంది. కానీ సిస్టరు మొహం వెలిగింది.

"అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో మీరొక్కరే! ఇనుము మాత్రం లోపలికి రాదు. ఉండండి, తక్కెడనే బయటికి తెస్తాను."

చక్రాల బల్లమీద తెల్లటి తూకపు మిషను తోసుకొచ్చింది. స్పిరిటుతో రాయి తుడిచింది. మిషనుమీద గుడ్డ పరిచి, గుడ్డ బరువు సున్నా చేసి, రాయి మెల్లిగా పెట్టింది.

498.

"చూశావా!" అంది కొట్టమ్మ. "చూశావా, రెండు గ్రాములు తినేస్తోంది!"

"ఆగండి." సిస్టరు సొరుగులోంచి తళతళలాడే స్టీలు గుండు తీసింది. "మిషను సరిగ్గా ఉందో లేదో చూసుకోడానికి మేం పెట్టుకున్న తూకం ఇది. అరకిలో."

500. ఒక్క గ్రాము ఇటూ లేదు, అటూ లేదు.

కొట్టమ్మ ఆ అంకెవంక చూసింది. తన రాయి వంక చూసింది. అంచులు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. తడిచేతులు, తడిగుడ్డలు, నలభై ఏళ్ళ తీయడం, పెట్టడం.

"అంటే నేను... ఇన్నాళ్ళూ..."

"రెండు గ్రాములకి ఎవరూ మిమ్మల్ని అడగరులెండి," అంది సిస్టరు నవ్వుతూ.

కొట్టమ్మకీ నవ్వొచ్చింది. ఆపుకుంది. రాయి తువ్వాలులో చుట్టేసి సంచిలో తోసేసింది. కానీ అడగాల్సింది అలాగే ఉండిపోయింది.

"సరే, మీ తక్కెడ మంచిదే. మరి నా మనవరాలి నూటపాతిక గ్రాములు ఎక్కడికి పోయినట్టు?"

"లోపలికి రండి, చూపిస్తాను."

*

కోడలు కిటికీ పక్క కుర్చీలో వెనక్కి వాలి ఉంది. గౌను లోపల, ఆవిడ గుండెమీద, కప్పలా కాళ్ళు ముడుచుకుని పిల్ల. ముక్కులో సన్నటి గొట్టం. నెత్తిన టోపీ.

అత్తగారిని చూసి కోడలు మొహం కిటికీవైపు తిప్పుకుంది.

సిస్టరు పిల్ల పాదం ఒకటి బయటికి తీసి, బొటనవేలితో మెల్లిగా నొక్కి వదిలింది. చర్మం వెంటనే పైకి లేచింది.

"నాలుగురోజుల కిందట ఇలా లేదండీ. నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. కళ్ళచుట్టూ ఉబ్బు కూడా. ఒంట్లో నీరు నిలిచింది. మీరు ఎక్కిందనుకున్న తూకంలో చాలామటుకు ఆ నీరే."

"నీరా?"

"ఊపిరితిత్తులు ఇంకా లేతగా ఉన్నాయి కదా, నెలలు నిండని పిల్లల్లో కొంతమందికి అలా నిలుస్తుంది. డాక్టరుగారు మందిచ్చారు. నీరు పోయింది, తూకం దిగింది. పోయిందని ఎలా తెలుసంటే, తడిసిన డైపర్లు కూడా తూస్తాం."

"డైపర్లు తూస్తారా!" కొట్టమ్మ నోరు తెరిచింది. "పొడివి ముందు తూచి, తడిసినవి తర్వాత తూచి?"

"అంతే. తేడా ఎంతో అంత ఉచ్చ పోసినట్టు."

ఇది ఆవిడకి భలే నచ్చింది. బస్తా తూచి, ఖాళీ గోనె తూచి తీసేసినట్టు. ఇలాంటి లెక్క తనకి తెలిసిన లెక్కే. "మరి ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదేం?" అంది.

"మీ అబ్బాయికి ఫోనులో చెప్పారండీ డాక్టరుగారు."

కొడుకు ఏ అంతస్తులో, ఏ లిఫ్టు గొయ్యిలో వేలాడుతూ ఆ ఫోనెత్తాడో! సగం మాటే వినపడుంటుంది. ఆ సగమే ఇంటికి మోసుకొచ్చాడు.

"అమ్మాయ్, నీకు తెలుసా ఈ సంగతి?" అంది కోడలివైపు తిరిగి.

సిస్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

కోడలు కిటికీకే చెప్తున్నట్టు అంది. "నిన్న సాయంత్రం చెప్పారు."

"మరి ఇంటికొచ్చి నాకు చెప్పొద్దూ?"

"మీరు అడగలేదు."



"నీరు పోగా మిగిలినదాంట్లో పిల్ల నిజంగా పెరిగిందా లేదా, అది తూకం చెప్పదు," అంది సిస్టరు, గొంతులో కావాలని హుషారు తెచ్చుకుని. "ఇవాళ పొడుగు కొలిచే రోజు. అది తేలుస్తుంది."

"పొడుగా? పొడుగుతో పనేంటమ్మా, పెళ్ళిచూపులా?"

కోడలి పెదవి ఒక్క క్షణం వంకరపోయింది. నవ్వాపుకుందో, చిరాకు ఆపుకుందో తెలీలేదు.

*

పొడుగు కొలిచే పలక చూసి కొట్టమ్మ దాన్ని ఒకటికి రెండుసార్లు తిరగేసింది. మధ్యలో గీతలు. తలవైపు కదలని అడ్డు. కాళ్ళవైపు సొరుగులా జరిగే అడ్డు.

"టేపు పెడితే పోలా?"

"టేపు ఎటు లాగితే అటొస్తుంది. పిల్లేమో ముడుచుకుంటుంది. దీనికైతే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు తల, ఒకరు కాళ్ళు."

రెండో సిస్టరు చేతులు తుడుచుకుంటూ వస్తోంది. అంతలో అవతలి మంచం దగ్గర ఏదో మిషను కుయ్యిమంది. రెండో సిస్టరు అటు పరిగెత్తింది. పెద్ద సిస్టరు అటోసారి చూసి, ఇటు తిరిగింది.

"నానమ్మగారూ, తల పట్టుకుంటారా?"

"ఆవిడా?" అంది కోడలు.

రెండు రోజుల్లో కోడలు తనని చూసి అన్న మొదటి మాట అది. మాట కూడా కాదు, అనుమానం.

కొట్టమ్మ తన చేతులవైపు చూసుకుంది. బస్తాలు లాగిన చేతులు. ఇంతవరకూ అద్దంలోంచి చూడ్డమే తప్ప పిల్లని ముట్టుకోలేదు. ఎవరూ ఇవ్వలేదని అందరితో అంటూ వచ్చింది. నిజానికి ఎప్పుడూ అడగలేదు. భయం.

"చెప్పినట్టు చేస్తాను," అంది.

కోడలు పిల్లని గుండెమీంచి మెల్లిగా విడదీసి పలకమీద పడుకోబెట్టింది. టోపీ తీసేశారు. సిస్టరు కొట్టమ్మ అరచేతుల్ని పట్టుకుని, పిల్ల చెవులకి ఇరుపక్కలా ఆనించింది.

"నెత్తి ఆ అడ్డుకి తగలాలి. చూపు తిన్నగా కప్పువైపు. గట్టిగా వద్దు, వదలొద్దు."

వెచ్చగా ఉంది. ఊపిరి పీల్చినప్పుడల్లా నెత్తిమీది మెత్తటి చోటు అదురుతోంది. కొట్టమ్మ తన ఊపిరి బిగబట్టింది.

సిస్టరు మోకాళ్ళు నొక్కి రెండు కాళ్ళూ చాపింది. అడ్డు జరిపింది. గుప్పెడికి ఒళ్ళుమండి ఒక్క తన్ను తన్నింది.

"నలభై రెండు పాయింటు మూడు," అంది సిస్టరు. "మళ్ళీ."

మళ్ళీ చాపింది. "నలభై రెండు పాయింటు ఏడు."

"అదేంటమ్మా! ఒక్క పిల్లకి రెండు పొడుగులా? మా కొట్లో ఇలా తూస్తే జనం తన్నేవాళ్ళు."

"మీ కొట్లో బియ్యం తన్నేవి కాదుగా!"

ఈసారి కోడలు నిజంగానే నవ్వింది. నవ్వి, నవ్వినందుకు తనమీద తనకే కోపమొచ్చినట్టు వంగి, పిల్ల పొట్టమీద చెయ్యేసి, చెవి దగ్గర ఏదో గుసగుసలాడింది. ఆ గొంతుకి పిల్ల ఒళ్ళు వదులు చేసింది. కాళ్ళు వాటంతటవే చాపుకుంది.

"నలభై రెండు పాయింటు ఆరు," అంది సిస్టరు. "మొదటిది తన్నినప్పటిది, తీసేద్దాం. చివరి రెండూ దగ్గరగా ఉన్నాయి. ఇది నమ్మొచ్చు."

"పోయిన వారం?" అడిగింది కోడలు.

"నలభై ఒకటిన్నర."

కొట్టమ్మ మనసులో తీసివేతలు చేసుకుంది. ఒక సెంటీమీటరు దాటి ఇంకొంచెం.

"అది ఎక్కువా, తక్కువా?"

"మేం కోరుకునేదే వారానికి ఒక సెంటీమీటరు." సిస్టరు తలచుట్టూ టేపు పెట్టి అదీ చూసింది. "తల కూడా చక్కగా పెరిగింది. నీరొస్తే బరువు ఎక్కుతుంది, పోతే దిగుతుంది. ఎముక అలా కాదు. ఒకసారి పెరిగిందంటే పెరిగినట్టే."

కొట్టమ్మ ఇంకా తల వదల్లేదు. కళ్ళు ఆ చిన్ని మోకాళ్ళమీద ఉన్నాయి. ఎంత సన్నటి ఎముక! అగ్గిపుల్లంత. అది ఈ వారంలో పొడుగు సాగింది.

"మరి నీళ్ళతో ఎముక పెరగదంటున్నావు. ఇది దేంతో పెరిగిందమ్మా?"

ఉత్త కుతూహలంతోనే అడిగింది. అడిగాక, జవాబు రాకముందే తెలిసిపోయింది.

"పాలతో," అంది సిస్టరు కోడలివైపు గడ్డంతో చూపిస్తూ. "వాళ్ళమ్మ పాలతో. మేం కాస్త బలం పొడి కలుపుతాం, అంతే."

కోడలు పిల్లని తీసుకుని మళ్ళీ గుండెమీద పెట్టుకుంది. తల దించుకుంది. టోపీ తొడుగుతున్న కోడలి చేతులమీద టపటపా రెండు చుక్కలు రాలాయి. నిన్న రావలసిన కన్నీళ్ళు అవి.

*

డాక్టరు వచ్చి అంకెలు చూసి, పిల్ల గుండెమీద స్టెతస్కోపు పెట్టి విని, తలాడించింది.

"బావుంది. నీరు మళ్ళీ చేరకుండా, పాలు పూర్తిగా నోటితోనే తాగుతూ, గొట్టం లేకుండా ఊపిరి నిలబడితే వచ్చేవారం ఇంటికి పంపే మాట మాట్లాడుకుందాం. ఇంటిదగ్గర చూసుకోడానికి ఒక నర్సు వస్తూ ఉంటుంది. అడ్రసు మాదగ్గరున్నదేగా?"

"మారుతుందండీ," అంది కోడలు.

డాక్టరు తలెత్తింది.

"నేనూ పాపా మా అక్క ఇంటికి వెళ్తాం. అడ్రసు రాసిస్తాను."

డాక్టరు ఒకసారి కొట్టమ్మ మొహం చూసి, సరే అని, బయటికి వెళ్ళిపోయింది.

కొట్టమ్మకి తుడిచిన ఊయల, కుట్టించిన తెరలు కళ్ళముందు తిరిగాయి. పొద్దున్న అయితే ఈ వార్డు పైకప్పు ఎగరగొట్టేది. ఇప్పుడు ఇంకో కుర్చీ లాక్కుని, కోడలికి ఎదురుగా కూర్చుంది. మోకాళ్ళమీద చేతులు పెట్టుకుంది. ఆ చేతులకి పిల్ల తల వెచ్చదనం ఇంకా అంటుకునే ఉంది.

"అమ్మాయ్."

కోడలు తలెత్తింది.

"నిన్న నేను అన్నది తప్పు. ఆ మాట అనకుండా ఉండాల్సింది."

ఇలాంటి మాట ఆవిడ నోట మొగుడు వినలేదు, కొడుకు వినలేదు. కోడలు కూడా ఒక్క నిమిషం నమ్మలేనట్టు చూసింది. తర్వాత మెల్లిగా, కోపం లేకుండా అడిగింది. కోపం లేకపోవడమే కొట్టమ్మని ఎక్కువ భయపెట్టింది.

"పొడుగు పెరగకపోయుంటే?"

"ఏంటి?"

"పాప పెరిగిందని ఇవాళ తేలింది కాబట్టి తప్పంటున్నారు అత్తయ్యా. రేపు ఇంకోసారి తూకం తగ్గొచ్చు. ఒక వారం పొడుగు ఆగిపోవచ్చు. అప్పుడు నా పాలు మళ్ళీ నీళ్ళేగా? పోయింది నీరని తెలిసినా నిన్న రాత్రంతా నేనూ అదే అనుకున్నాను, మీరన్నదే నిజమేమోనని. రోజూ దీన్ని కొలిచినప్పుడల్లా నన్ను కొలిచే ఇంట్లో నేను దీన్ని పెంచలేను."

కొట్టమ్మ నోరు తెరిచింది. నలభై ఏళ్ళు గిరాకీలకి తడుముకోకుండా బదులిచ్చిన నోరు. మూసుకుంది. 'పెరగకపోయుంటే?' తనని తనే అడిగి చూసుకుంది. ఊరికే కాదు, నిజంగా తెలుసుకోవాలని. దొరికిన జవాబు ఆవిడకి నచ్చలేదు.

పెళ్ళాన్ని దింపి పనికి వెళ్ళిన కొడుకు వార్డు తలుపు తోసుకుని వచ్చాడు. చేతులు కడిగిన తడి ఇంకా ఆరలేదు. మొహమంతా నవ్వు.

"కింద డాక్టరుగారు కనపడ్డారు! పెరిగిందటగా? వచ్చేవారం ఇంటికేనటగా? అమ్మా, చెప్పవేం? ఇద్దరూ అలా కూర్చున్నారేం?"

కోడలు మొగుడివైపు చూళ్ళేదు. అత్తగారివైపే చూస్తోంది. ఈవిడ ఏం చెప్తుందో, ఎలా తిప్పి చెప్తుందో, ఎవరిది తప్పంటుందో అని.

కొట్టమ్మ గొంతు సవరించుకుంది. కొడుకు ఆవిడవైపే తిరిగాడు, చిన్నప్పట్నుంచీ అలవాటు కొద్దీ.

"నన్నడక్కురా," అంది. "పిల్ల తల్లి చెప్తుంది. చెప్పమ్మా. ఏది చెప్పినా నేను అడ్డురాను."

కొడుకు మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా ఆరిపోయింది. పెళ్ళాం వైపు తిరిగాడు.

కోడలు చెప్పడానికి నోరు తెరిచింది, అత్తగారి కళ్ళలోకి ఇంకోసారి చూసింది, అక్క ఇంటికి వెళ్తానని అంతవరకూ ఖాయంగా అనుకున్న మాట, వెళ్ళాలా అన్న ప్రశ్నయి అక్కడే ఆగిపోయింది.